పసిబిడ్డకు సూది: నొప్పి తగ్గాలంటే ముందే ఏం చేయాలి?

పాఠకుల ప్రశ్నలు – నిపుణుల జవాబులు

పుట్టిన మొదటి మూడు నెలల్లో బిడ్డకు సూదులు తప్పవు. విటమిన్ కె, బీసీజీ, హెపటైటిస్ బి, కామెర్ల పరీక్ష, థైరాయిడ్ పరీక్షకు మడమ మీద గుచ్చడం, ఆ తర్వాత ఆరోవారం టీకాలు ఉంటాయి. మందులు వాడకుండా ఆ నొప్పి తగ్గించడం గురించి విజయవాడ, గుంటూరు నుంచి వచ్చిన ప్రశ్నలకు పసిపిల్లల వైద్యులు, నర్సింగ్ నిపుణులు కలిసి ఇచ్చిన జవాబులివి.

ప్రశ్న: డాక్టర్ గారూ, కాన్పయిన మూడో రోజు మా పాప పచ్చగా ఉందని రక్తం తీయడానికి పక్క గదిలోకి తీసుకెళ్ళారు. నన్ను రావద్దన్నారు. తలుపు అవతల పాప గుక్కపట్టి ఏడుస్తుంటే ఏమీ చేయలేకపోయాను. అంతా అయ్యాక తెచ్చి చేతిలో పెట్టి, ‘ఇప్పుడు పాలివ్వండి’ అన్నారు. రేపు మళ్ళీ పరీక్ష ఉందట. ఇంత చిన్న పిల్లలకు నొప్పి తెలియదని మా బంధువులు అంటున్నారు. నిజమేనా? రేపు నేనేమైనా చేయగలనా?
– ఓ బాలింత, పటమట, విజయవాడ

జవాబు: నొప్పి తెలుస్తుందమ్మా, బాగా తెలుస్తుంది. మీ బంధువులు అన్నమాట ఒకప్పుడు వైద్యులూ అన్నదే. 1980ల దాకా పసివాళ్ళకు చాలినంత మత్తు లేకుండానే ఆపరేషన్లు చేసిన ఆస్పత్రులు పెద్ద దేశాల్లో కూడా ఉండేవి. ఆక్స్‌ఫర్డ్‌లో పరిశోధన చేసిన మన దేశపు వైద్యుడు డాక్టర్ కె.జె.ఎస్. ఆనంద్, ఆయన సహచరులు 1987లో ఆ నమ్మకాన్ని కదిలించారు. నెలలు నిండకుండా పుట్టి, గుండె దగ్గరి రక్తనాళానికి ఆపరేషన్ అవసరమైన బిడ్డల్లో కొందరికి బలమైన నొప్పి మందు కూడా ఇచ్చి చూశారు. ఆ బిడ్డల ఒంట్లో ఒత్తిడి హార్మోన్లు తక్కువగా పెరిగాయి, ఆపరేషన్ తర్వాత ఇబ్బందులూ తగ్గాయి. పసివాళ్ళ నొప్పిని పట్టించుకోవాలన్న మాట అక్కడి నుంచే వైద్యంలో గట్టిగా నిలబడింది.

మీకు పాలివ్వమని చెప్పడం మంచి సలహానే. చెప్పిన వేళ మాత్రం తప్పు. చనుబాలు తాగుతూ ఉన్న బిడ్డకు సూది నొప్పి స్పష్టంగా తగ్గుతుంది. ఏడుపు తగ్గుతుంది, గుండె వేగం అంతగా పెరగదు, ముఖం అంతగా ముడుచుకోదు. చప్పరించడం, పాల తీపి, అమ్మ ఒంటి వెచ్చదనం, వాసన అన్నీ ఒకేసారి పనిచేయడం వల్ల ఈ ఫలితం వస్తుంది. సూది దిగి బిడ్డ గొంతు చించుకున్నాక రొమ్ము నోటికి అందిస్తే అది ఓదార్పు అవుతుంది. అదీ అవసరమే, కానీ ఆ నొప్పిని బిడ్డ అప్పటికే పడేసింది.

రేపు పరీక్షకు వచ్చే సిస్టర్‌కు ముందుగానే చెప్పండి: ‘పాలిస్తూ ఉంటాను, నా మంచం దగ్గరే రక్తం తీయండి’ అని. ఆస్పత్రులు దీన్ని కాదనాల్సిన పని లేదు. ఆ వేళకు పాప మరీ కడుపు నిండి ఉండకుండా, అలాగని ఆకలితో అల్లాడకుండా చూసుకోండి. సిజేరియన్ అయి ఉంటే పక్కకు తిరిగి పడుకునే పాలివ్వొచ్చు. పాప ఒంటి మీద డైపర్ మాత్రం ఉంచి, పొట్ట మీ ఒంటికి ఆనేలా పెట్టుకోండి. మడమ నుంచి రక్తం తీసేటట్లయితే పాదాలు మీ చేతి కింద నుంచి బయటికి రావాలి. సిస్టర్ మీ పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంటే పాదం ఆమె చేతికి అందుతుంది.

పాప నోరు పెద్దగా తెరిచి, చనుమొన ఒక్కటే కాక చుట్టూ ఉన్న నల్లటి భాగాన్ని కూడా పట్టాలి. మొదట చకచకా చప్పరిస్తుంది. కాసేపటికి లోతుగా, నిదానంగా లాగుతుంది, మధ్యమధ్య గుటక వినిపిస్తుంది. అలా కనీసం రెండు మూడు నిమిషాలు, వీలైతే ఐదు నిమిషాలు సాగనివ్వండి. అప్పుడు సిస్టర్‌కు ‘ఇక కానివ్వండి’ అనండి. ఆ మాట మీ నోటి నుంచి రావాలని ముందే అనుకుని ఉంచుకోండి. బిడ్డ రొమ్ము సరిగా పట్టకముందే గుచ్చేయడం వల్లే ఎక్కువసార్లు ఈ పద్ధతి విఫలమవుతుంది. తర్వాత ‘పాలిచ్చినా ఏడ్చింది’ అనే మాట మిగులుతుంది. రక్తం తీసి దూది నొక్కి పట్టినంతసేపూ, ఆ తర్వాత ఇంకొన్ని నిమిషాలూ రొమ్ము తీయకండి.

కామెర్లున్న పిల్లలు మగతగా ఉంటారు, లేపినా పట్టరు. గుడ్డలు విప్పి, పాదాలు, వీపు నిమిరి లేపండి. అయినా పట్టకపోతే పాపను నిటారుగా మీ రొమ్ముల మధ్య, చర్మానికి చర్మం తగిలేలా పది పదిహేను నిమిషాలు ఉంచి, ఆ భంగిమలోనే రక్తం తీయమనండి. తల పక్కకు తిరిగి ఉండాలి, మెడ ముందుకు వాలిపోకూడదు, ముక్కు మీకు కనిపిస్తూ ఉండాలి. పాలివ్వడం కుదరనప్పుడు ఇదీ బాగా మేలు చేసే పద్ధతే.

ఇంకో మాట కూడా అడగండి. రేపటి పరీక్షతో పాటు థైరాయిడ్ వగైరా పరీక్షలు ఇంకా చేయాల్సి ఉంటే, అన్నీ ఒకే పోటుతో అయిపోతాయేమో కనుక్కోండి. నుదుటికో రొమ్ము ఎముకకో ఆనించి కామెర్లు చూసే మీటర్ కొన్ని ఆస్పత్రుల్లో ఉంది. దానితో కొన్ని సూదులు తప్పుతాయి. అయితే నీలి లైటు కింద పెట్టిన బిడ్డలో ఆ మీటర్ లెక్క సరిగా రాదు, అప్పుడు రక్తమే తీయాలి.

ప్రశ్న: పాలు తాగుతుండగా సూది వేస్తే బిడ్డకు పొలమారదా? పైగా రొమ్ము పడితే నొప్పి వస్తుందని తర్వాత పాలే మానేస్తుందేమో! మా కోడలికి ఇలా చేయమని చెప్పారట, నాకు భయంగా ఉంది.
– ఓ నాయనమ్మ, కొత్తపేట, గుంటూరు

జవాబు: భయం సహజమేనమ్మా. ఈ పద్ధతిని చాలా దేశాల్లో వేల మంది బిడ్డల మీద పరిశీలించారు. పొలమారి ఊపిరాడకపోవడం గానీ, తర్వాత రొమ్ము వద్దనడం గానీ అందులో సమస్యగా కనిపించలేదు. సూది పడిన క్షణంలో బిడ్డ సాధారణంగా చప్పరించడం ఆపుతుంది, లేదా రొమ్ము వదిలేసి ఒక కేక వేసి మళ్ళీ పడుతుంది. తల ఒంటి కన్నా కొంచెం ఎత్తులో ఉండేలా పట్టుకుంటే చాలు. బిడ్డ వదిలేస్తే కోడలు బలవంతంగా నోట్లో కుక్కకూడదు, పెదవికి తగిలిస్తే తనే పడుతుంది. ఊపిరి తీసుకోవడంలో ఇబ్బంది ఉన్న బిడ్డకు, డాక్టర్ నోటి ద్వారా ఏమీ ఇవ్వొద్దన్న బిడ్డకు మాత్రం ఈ పద్ధతి పనికిరాదు.

ప్రశ్న: మా ఇంట్లో పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాయడం ఆనవాయితీ. ఆస్పత్రుల్లో సూదికి ముందు చక్కెర నీళ్ళు ఇస్తారని విన్నాను. మరి తేనె ఎందుకు వద్దంటారు? ఇంట్లో పంచదార నీళ్ళు కలిపి టీకాలకు తీసుకెళ్ళొచ్చా?
– ఓ పాఠకురాలు, భవానీపురం, విజయవాడ

జవాబు: తేనె ఏడాది నిండేదాకా ఒక్క చుక్క కూడా వద్దు. అందులో బొటులిజం అనే జబ్బు తెచ్చే సూక్ష్మజీవి విత్తుల రూపంలో ఉండొచ్చు. పెద్దవాళ్ళ పేగుల్లో అది పెరగలేదు, పసివాళ్ళ పేగుల్లో పెరిగి కండరాలు చచ్చుబడేలా చేస్తుంది. కాచినా ఆ విత్తులు చావవు. స్వచ్ఛమైన కొండ తేనె అయినా ఇదే మాట.

ఆస్పత్రిలో ఇచ్చే తీపి వేరు. అది 24 శాతం సుక్రోజ్ ద్రావణం. మన ఆస్పత్రుల్లో అది దొరకని చోట 25 శాతం డెక్స్‌ట్రోజ్ వాడుతుంటారు. రెండూ సూక్ష్మజీవులు లేకుండా తయారైనవి. మోతాదు చాలా చిన్నది: నెలలు నిండిన బిడ్డకు ఒక మిల్లీలీటరు అటూ ఇటూ, రెండుకు మించదు. నెలలు నిండని చిన్న బిడ్డకైతే 0.1 నుంచి 0.5 మి.లీ., అంటే కొన్ని చుక్కలు. సిరంజితో నాలుక ముందు భాగం మీద మెల్లగా వదులుతారు. తీపి రుచి తెలిసేది అక్కడే. ట్యూబు ద్వారా నేరుగా పొట్టలోకి పంపితే నొప్పి తగ్గదు. ఇచ్చిన రెండు నిమిషాలకు సూది వేయాలి. ప్రభావం ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు ఉంటుంది కాబట్టి పరీక్ష సాగితే మళ్ళీ కాస్త ఇవ్వాలి. ఇస్తూ శుభ్రమైన వేలో నిపులో చప్పరించనిస్తే ఇంకా బాగా పనిచేస్తుంది.

ఇది నొప్పికి పూర్తి మందని మేం అనం. లండన్‌లో 2010లో చేసిన ఒక పరిశోధనలో సుక్రోజ్ ఇచ్చిన బిడ్డల ముఖంలో నొప్పి తగ్గినట్టు కనిపించినా, మెదడులో నమోదైన నొప్పి స్పందన మాత్రం చెప్పుకోదగినంత తగ్గలేదు. అందుకే తల్లి అందుబాటులో ఉంటే చనుబాలే ముందు. తల్లి లేనప్పుడు, లేదా పాలిచ్చే వీలు లేని పరీక్ష అయినప్పుడు తీపి ద్రావణం. అదీ నర్సు చేతి మీదుగా, కేస్ షీటులో రాసి, సూది కోసం మాత్రమే. ఏడుపు మాన్పడానికి ఇచ్చేది కాదు.

ఇంట్లో పంచదార నీళ్ళు కలపొద్దు. కొలత కుదరదు, నీళ్ళ శుభ్రత నమ్మలేం. ఆరు నెలల దాకా చనుబాలు తప్ప మరేదీ వద్దన్న నియమం కూడా అక్కడే తప్పుతుంది.

ప్రశ్న: నేను నవజాత శిశు విభాగంలో స్టాఫ్ నర్సుని. మడమ గుచ్చినప్పుడు రక్తం సరిగా రాక పిండాల్సి వస్తోంది. ఒక్కోసారి రెండు మూడు పోట్లు పడుతున్నాయి. బిడ్డ ఏడుపు మాకూ కష్టంగా ఉంటుంది. పద్ధతిలో ఎక్కడ పొరపాటు?
– ఓ సిస్టర్, గుంటూరు

జవాబు: సిస్టర్ గారూ, మడమ పరీక్షలో పోటు కన్నా పిండడమే బిడ్డను ఎక్కువ బాధిస్తుంది. పిండితే రక్తకణాలు చితికి పొటాషియం లెక్క తప్పుగా పెరుగుతుంది, బిలిరుబిన్ (కామెర్ల) లెక్క కూడా దెబ్బతింటుంది. దాంతో ల్యాబ్ వాళ్ళు మళ్ళీ తీయమంటారు.

రక్తం రాకపోవడానికి మొదటి కారణం చల్లని పాదం. ఏసీ గదిలో వార్మర్ బయట ఉన్న బిడ్డ కాలు ముట్టుకుని చూడండి. మీ అరచేతిలో మూడు నాలుగు నిమిషాలు పట్టుకున్నా, గోరువెచ్చని నీళ్ళలో ముంచి పిండిన గుడ్డ చుట్టినా చాలు. గుడ్డను ముందు మీ మణికట్టు లోపలి వైపు ఆనించి చూసుకోండి. వేడి నీళ్ళ గ్లవ్ కట్టి ఉంచడం వద్దు, చర్మం కాలిన సందర్భాలు ఉన్నాయి. వెచ్చజేయడం రక్తం కోసమే, దానివల్ల నొప్పి తగ్గుతుందని లెక్కపెట్టుకోకండి.

రెండోది చోటు. బొటనవేలి మధ్య నుంచి మడమ దాకా ఒక గీత, నాలుగో వేలికీ చిటికెన వేలికీ మధ్య నుంచి ఇంకో గీత ఊహించుకోండి. ఆ రెండు గీతలకూ బయట ఉన్న అంచులే గుచ్చాల్సిన చోట్లు. మడమ నడుమ, మడమ వెనక వంపు మీద ఎముక చర్మానికి దగ్గరగా ఉంటుంది, అక్కడ గుచ్చితే ఎముకకు చీము పట్టే ప్రమాదం ఉంది. అరికాలి వంపులో కూడా వద్దు. నిన్న గుచ్చిన చోట ఇవాళ మళ్ళీ గుచ్చకండి. వాచిన చర్మానికి నొప్పి ఎక్కువ.

మూడోది పరికరం. చాలాచోట్ల ఇంకా 26 నంబరు సూదితో చేత్తో పొడుస్తున్నారు. చేతి లోతు ఒకలా ఉండదు: ఒకసారి తక్కువై రక్తం రాదు, ఒకసారి ఎక్కువై ఎముకను తాకుతుంది. మీట నొక్కగానే కోసి తనంతట తానే లోపలికి వెళ్ళిపోయే లాన్సెట్ వాడితే పోట్లు తగ్గుతాయి, కమిలిపోవడం తగ్గుతుంది. నెలలు నిండిన బిడ్డకైనా లోతు 2.4 మి.మీ. దాటకూడదు, చిన్న బిడ్డకు ఇంకా తక్కువ లోతుది తీసుకోవాలి. విభాగం కొనుగోళ్ళ జాబితాలో ఈ లాన్సెట్‌ను పెట్టించడానికి గట్టిగా పట్టుబట్టండి. ఖర్చు ఎక్కువన్న అభ్యంతరానికి మళ్ళీ మళ్ళీ తీసే శాంపిళ్ళే జవాబు.

స్పిరిట్ రాశాక 30 సెకన్లు ఆరనివ్వాలి. తడి మీద గుచ్చితే మండుతుంది, కణాలూ చితుకుతాయి. కాలు గుండె కన్నా కిందికి వేలాడేలా ఉంచండి. మొదటి చుక్క తుడిచేయండి. తర్వాత పిక్క నుంచి మెల్లగా నొక్కి వదిలి, మళ్ళీ రక్తం నిండే వ్యవధి ఇచ్చి, చుక్క దానంతట అది పెద్దదయ్యేదాకా ఆగండి. స్క్రీనింగ్ కార్డయితే ఒక్కో వలయానికి ఒక్క పెద్ద చుక్క, ఒకే వైపు నుంచి, అవతలి వైపు దాకా ఇంకేలా. చుక్క మీద చుక్క వేసిన కార్డు ల్యాబ్‌లో తిరస్కరిస్తారు. బిడ్డకు అదే పరీక్ష మళ్ళీ. పని అయ్యాక గాజ్ గుడ్డ నొక్కి పట్టండి. ప్లాస్టర్ అంటించొద్దు, తీసేటప్పుడు చర్మం లేచొస్తుంది.

ఎక్కువ రక్తం కావాలంటే మడమ కన్నా సిర (రక్తనాళం) నుంచి తీయడమే మేలు. చేయి తిరిగినవాళ్ళు తీస్తే, నెలలు నిండిన బిడ్డకు మడమ పోటు కన్నా చేతి మీది సిర నుంచి తీసినప్పుడే నొప్పి తక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. రెండుసార్లు ప్రయత్నించి దొరకకపోతే ఇంకొకరికి ఇవ్వాలన్న నియమం మీ విభాగంలో పెట్టుకోండి.

ఇది ఒక్కరు చేసే పని కాదు. ఒకరు గుచ్చుతుంటే ఇంకొకరి రెండు చేతులూ బిడ్డవి కావాలి. ఆ రెండో మనిషి తల్లే అయితే అంతకన్నా ఏం కావాలి? డైపర్ మార్చి, బరువు చూసి, వెంటనే మడమ గుచ్చడం అలవాటుగా ఉంటే మానండి. అప్పటికే కదిపి కదిపి విసిగిన బిడ్డకు అదే పోటు ఎక్కువ బాధిస్తుంది. కాసేపు ఊరుకోబెట్టాక మొదలుపెట్టండి. ముఖం, ఏడుపు, ఊపిరి, చేతులు, కాళ్ళు, మెలకువ అనే ఆరు అంశాలు చూసి 0 నుంచి 7 దాకా మార్కులు వేసే నిప్స్ కొలమానాన్ని ప్రతి పరీక్షకూ రాయడం మొదలుపెట్టండి. 3 దాటితే నొప్పి ఉన్నట్టే. రాసి ఉంచితే ఏ షిఫ్టులో ఏ పద్ధతి పనిచేసిందో పై అధికారులకు చూపించగలరు.

ప్రశ్న: మా బాబు 31 వారాలకే పుట్టాడు, బరువు 1,400 గ్రాములు. గాజుపెట్టెలో ఉన్నాడు. రోజూ ఏదో ఒక సూది. విచిత్రంగా వాడు ఏడవడు, కాసేపు మెత్తబడిపోతాడు. నొప్పి లేదనుకోవాలా? తండ్రిగా నేను చేయగలిగేది ఏమైనా ఉందా?
– ఓ తండ్రి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఏడవకపోతే నొప్పి లేనట్టు కాదు. ఏడవడానికి శక్తి కావాలి, అది మీ బాబుకు ఇంకా తక్కువ. నుదురు ముడిపడటం, కళ్ళు గట్టిగా మూసుకోవడం, ముక్కు పక్క గీత లోతుగా కనిపించడం, వేళ్ళు చాపేయడం, మానిటర్ మీద గుండె వేగం పెరగడం, ఆక్సిజన్ అంకె పడిపోవడం, ఒళ్ళు మెత్తబడటం ఇవన్నీ వాడి నొప్పి భాషే. పైగా నెలలు నిండని బిడ్డలో నొప్పిని మోసే నరాలు పనిచేస్తుంటాయి కానీ, మెదడు నుంచి కిందికి వచ్చి దాన్ని అణిచే ఏర్పాటు ఇంకా తయారు కాలేదు. అందుకే వాళ్ళకు నొప్పి ఎక్కువే.

మీరు చేయగలిగింది చాలా ఉంది. నర్సుతో మాట్లాడి, సూది వేసే వేళకు లోపలికి వెళ్ళండి. ఉంగరం, వాచీ తీసి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోండి. చేతులు వెచ్చబడ్డాక పెట్టెలోకి పెట్టండి. ఒక అరచేయి బాబు తలను టోపీలా కప్పాలి. రెండో చేతితో కాళ్ళు పొట్ట వైపు ముడిచి, అరికాళ్ళను మీ అరచేతికి ఆనించండి. చేతులు రెండూ ముఖం దగ్గరికి రావాలి. కడుపులో ఉన్నప్పుడు ఎలా ముడుచుకుని ఉండేవాడో అలా. నిమరకండి, తట్టకండి. ఇంత చిన్న బిడ్డకు నిమరడం కూడా చిరాకే, కదలని చేయి బరువే వాడికి ధైర్యం. సూదికి ముందే మొదలుపెట్టి, అయ్యాక బాబు ఊపిరి, గుండె వేగం మామూలుకు వచ్చేదాకా చేయి తీయొద్దు. సూది అవగానే చేతులు ఒక్కసారిగా లాగేస్తే బిడ్డ ఉలిక్కిపడి మళ్ళీ ఆక్సిజన్ పడిపోతుంది.

డాక్టర్ ఒప్పుకుంటే కంగారూ సంరక్షణ మీరూ ఇవ్వొచ్చు. తండ్రి ఛాతీ మీద కూడా నొప్పి తగ్గుతుంది. చొక్కా విప్పి, బాబును నిటారుగా ఆనించుకుని, వెనక గుడ్డతో కట్టించుకోండి.

రెండు పరీక్షల గురించి ముందే తెలుసుకోండి. 34 వారాల లోపు పుట్టిన మీ బాబుకు పుట్టిన నాలుగో వారంలో కంటి వెనక పొర పరీక్ష చేస్తారు. కన్ను తెరిచి ఉంచే పరికరం పెడతారు కాబట్టి అది బాధాకరమైనదే. మొద్దుబార్చే చుక్కలు వేస్తారు, వాటి మీదే ఆధారపడకుండా రెండు నిమిషాల ముందు తీపి ద్రావణం, గుడ్డలో చుట్టడం, మీ చేయి కూడా ఉండాలని అడగండి. వాంతి కాకుండా పాలు గంట ముందే పట్టించాలి. రెండోది, పరీక్ష అని ఎవరూ అనుకోనిది: అంటించిన టేపు తీయడం. ఇంత పలచని చర్మానికి అది సూదంత బాధ. దూదిని గోరువెచ్చని నీళ్ళలో తడిపి, టేపు అంచు నానబెట్టి, పైకి లాగకుండా చర్మానికి సమాంతరంగా మెల్లగా వెనక్కి మడుస్తూ తీయమనండి.

ప్రశ్న: వచ్చే బుధవారం మా పాపకు ఆరోవారం టీకాలు. మూడు సూదులంట! ఒళ్ళో పెట్టుకోవాలా, బల్ల మీద పడుకోబెట్టాలా? ముందే పారాసెటమాల్ చుక్కలు వేయమని ఒకరన్నారు.
– ఓ పాఠకురాలు, అజిత్‌సింగ్‌నగర్, విజయవాడ

జవాబు: ఒళ్ళోనే. బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి నాలుగు చేతులతో అదిమితే భయం నొప్పికి తోడవుతుంది. నోట్లో వేసే రోటా (విరేచనాల టీకా), పోలియో చుక్కలు సూదుల కన్నా ముందు వేయించండి. చాలా రోటా టీకాల్లో చక్కెర ఉంటుంది, అదీ కాస్త సాయమే. రోటా, పోలియో చుక్కలు వేశాక అరగంట పాలివ్వకూడదన్న మాట నమ్మొద్దు, వెంటనే రొమ్ముకు పెట్టుకోవచ్చు. పాలు తాగుతుండగా కుడి జబ్బకు ఐపీవీ (పోలియో సూది), తొడలకు పెంటావాలెంట్ (ఐదు జబ్బుల టీకా), పీసీవీ (న్యుమోనియా టీకా) వేయించండి. రెండు తొడలూ వాడతారు కాబట్టి పాప కాళ్ళు రెండూ మోకాళ్ళ పైదాకా బయటికి ఉండే గౌను వేసి తీసుకెళ్ళండి. ఎక్కువ మంట పుట్టించే టీకా చివర వేయాలి. తొడకు వేసే సూదిని లోపలికి దించాక పిస్టన్ వెనక్కి లాగి రక్తం వస్తుందేమో చూడనక్కర్లేదు. దానివల్ల సూది ఎక్కువసేపు లోపలుంటుంది. ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సూచనే. వేశాక ఆ చోట రుద్దకండి.

ముందే పారాసెటమాల్ వద్దు. సూది నొప్పికి అది పనిచేయదు. ఇంటికి వచ్చాక జ్వరమొస్తే ఏఎన్‌ఎం చెప్పిన మోతాదులో ఇవ్వండి, కానీ సీసా మీది అంకె తప్పకుండా చూడండి. చుక్కల మందులో సాధారణంగా ఒక మి.లీ.లోనే 100 మిల్లీగ్రాములు ఉంటుంది, సిరప్‌లో అయితే 5 మి.లీ.కి 120 లేదా 125. సిరప్ కొలతతో చుక్కల మందు పోస్తే మోతాదు నాలుగింతలవుతుంది. సూది వేసిన చోట వాపుంటే చల్లని తడిగుడ్డ చాలు.

ప్రశ్న: గుడ్డలో గట్టిగా చుడితే బిడ్డకు నొప్పి తెలియదంటారు. మే నెల ఎండల్లో కూడా చుట్టాలా?
– ఓ పాఠకుడు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: చుట్టడం సాయపడుతుంది, కానీ పాలిచ్చినంతగా కాదు. సూది వేసే కాలో చేయో బయట ఉంచి, మెత్తని పాత నూలు చీర ముక్కతో చేతులు ఛాతీ మీదికి వచ్చేలా వదులుగా చుట్టాలి. నడుము కింద వదులుగా ఉండాలి. కాళ్ళు చాపి బిగిస్తే తుంటి కీలుకు మంచిది కాదు. 40 డిగ్రీలు దాటే రోజుల్లో టర్కీ టవలు, ఉన్ని దుప్పటి వద్దే వద్దు. మెడ వెనక చెమట, ఛాతీ వేడి, ఊపిరి వేగం కనిపిస్తే విప్పేయండి. పని అయిన కొద్ది నిమిషాలకు ఎలాగూ విప్పాలి.

ప్రశ్న: 21వ రోజున పాపకు చెవులు కుట్టిద్దామని పెద్దవాళ్ళు అంటున్నారు. చెవికి రాసే మొద్దుబార్చే క్రీము మెడికల్ షాపులో దొరుకుతుందట. వాడొచ్చా?
– ఓ పాఠకురాలు, గవర్నర్‌పేట, విజయవాడ

జవాబు: ముహూర్తాన్ని కొంచెం వెనక్కి జరపమని పెద్దవాళ్ళను ఒప్పించండి. ధనుర్వాతానికి రక్షణనిచ్చే పెంటావాలెంట్ మూడో మోతాదు 14వ వారంలో పడుతుంది. ఆ తర్వాత కుట్టిస్తే నిశ్చింత. క్రీము మీ అంతట మీరు వాడొద్దు. అందులోని మందు చిన్న బిడ్డల రక్తం ఆక్సిజన్ మోసే శక్తిని దెబ్బతీయగలదు, మోతాదు, ఉంచే సమయం డాక్టరే చెప్పాలి. పాలు తాగుతుండగా ఒక చెవి లోపలికి వెళ్ళిపోతుంది కాబట్టి, ఐదు నిమిషాలు బాగా పాలిచ్చి, వెంటనే నిటారుగా మీ ఛాతీకి ఆనించుకుని కుట్టించి, మళ్ళీ రొమ్ముకు పెట్టుకోండి. ఎవరు కుట్టినా కవర్ చించి తీసిన కొత్త సూదే వాడాలి. బంగారు తీగ కొననే గుచ్చే పద్ధతికి ఒప్పుకోవద్దు. మొద్దుగా ఉండే ఆ కొనతో నొప్పీ ఎక్కువ, చీము పట్టే అవకాశమూ ఎక్కువ. పసుపు, నూనె రాయొద్దు.

ప్రశ్న: మా బాబుకు నెలన్నర. సున్నతి చేయించాలి. పాలిస్తూ చేస్తే సరిపోతుందా, మత్తు ఇంజెక్షన్ కూడా కావాలా? పూర్వం మత్తు లేకుండానే చేసేవారు కదా!
– ఓ పాఠకుడు, వన్‌టౌన్, విజయవాడ

జవాబు: పైన చెప్పిన పద్ధతులన్నీ సూది, టేపు, చుక్కరక్తం వంటి చిన్న పనులకే. సున్నతి కోత. అక్కడ చనుబాలు, తీపి ద్రావణం తోడు మాత్రమే, వాటితో సరిపెట్టకూడదు. ఆ చోటును మొద్దుబార్చే ఇంజెక్షన్ తప్పనిసరి. కెనడాలో 1997లో వెలువడిన పరిశీలన ఒకటుంది: మొద్దుబార్చకుండా సున్నతి చేసిన మగపిల్లలు నాలుగు నుంచి ఆరు నెలల వయసులో టీకా సూదికి మిగతావాళ్ళ కన్నా ఎక్కువగా బాధపడ్డారు. మత్తు లేకుండా చేసిన నొప్పి ఆ రోజుతో పోలేదన్నమాట.

పిల్లల సర్జన్ దగ్గర చేయించండి. వెళ్ళినప్పుడు మత్తు ఇంజెక్షన్ ఇచ్చి ఎన్ని నిమిషాలు ఆగి కోస్తారో అడగండి. ఇచ్చిన వెంటనే కోస్తే అది ఇంకా పనిచేయడం మొదలుపెట్టదు. ఆ ఇంజెక్షన్ కూడా సూదే కాబట్టి, దానికి రెండు నిమిషాల ముందు తీపి ద్రావణం ఇస్తారేమో కూడా అడగండి. బాబుకు పుట్టినప్పుడు విటమిన్ కె వేశారో లేదో కార్డులో చూసి చెప్పండి. ఇంట్లో ఎవరికైనా చిన్న దెబ్బకే రక్తం ఆగని జబ్బు ఉంటే తేదీ పెట్టుకోకముందే చెప్పాలి. పని అయ్యాక వాళ్ళమ్మ ఆపరేషన్ గది బయటే సిద్ధంగా ఉండి, బయటికి రాగానే రొమ్ముకు పెట్టుకోవాలి. మత్తు దిగే వేళకు ఇవ్వాల్సిన పారాసెటమాల్ మోతాదు బాబు బరువును బట్టి కాగితం మీద రాయించుకుని ఇంటికి రండి.